నువ్వెవరని అడిగినప్పుడు



"నేనెవరు?" అనే ప్రశ్న ముక్కుమూసుకుని కూర్చున్నవాళ్ళదని మనలో చాలామంది నమ్మకం. కానీ పట్టా అందుకుంటున్న ఈ వయసులో మీకే దాని అవసరం ఎక్కువని నాకనిపిస్తోంది.

ఆ ప్రశ్నకు తమ బతుకుతోనే జవాబు చెప్పిన, రెండేళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరు తెలుగువారున్నారు. 1895లో మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి, 1897లో అల్లూరి సీతారామరాజు. ఇద్దరికీ డిగ్రీ లేదు. కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువన్నారు దివ్యజ్ఞాన సమాజం పెద్దలు. ఆయన కోసం పెట్టిన సంఘంలో దేశదేశాల వాళ్ళు చేరారు. 1929లో హాలండ్‌లో ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. పక్కవాళ్ళు తగిలించిన పేరు తనది కాదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

రాజు కథ మన గడపలోనే, మన్యంలో జరిగింది. కృష్ణదేవిపేటకు ఆయన సన్యాసిగా వచ్చారు. అప్పటికే అటవీ చట్టం మన్యంవాళ్ళను పోడు కొట్టుకోనివ్వడం లేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లో రోడ్డు వేయించిన అధికారి బాస్టియన్, వాళ్ళచేత చాకిరీ చేయించుకుని కూలి ఎగ్గొట్టాడు. అది చూశాక రాజు జపం చేసుకుంటూ ఉండిపోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద తన మనుషులతో కలిసి దాడి చేశారు. 1924 మే 7న కొయ్యూరులో బ్రిటిషువాళ్ళు ఆయన్ను కాల్చి చంపేనాటికి ఆయనకు 27 ఏళ్ళు నిండలేదు.

కృష్ణమూర్తి తనమీద మోపిన పాత్రను వదిలేశారు, రాజు తాను కోరని బాధ్యతను ఎత్తుకున్నారు. నా మనసు రాజు వైపే మొగ్గుతుంది. ఆయనెవరో ఆయనకు తెలిపింది ఎదుటి మనిషి కష్టం. మంచి బతుకంటే ఏమిటని నన్నడిగితే, ఆ కష్టం చూశాక కూడా తలెత్తుకుని బతకగలగడం అంటాను.

జ్ఞానం సంగతి కూడా చూడండి. బ్రిటిషు సైన్యం దగ్గర తుపాకులున్నాయి, లెక్కలున్నాయి. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ గుట్ట వెనక దారుందో తెలిసింది రాజు వెంట పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర వంటివారికి. రెండేళ్ళ పోరాటం ఆ ఎరుక మీదే నిలబడింది. ఏ విశ్వవిద్యాలయమూ దానికి పట్టా ఇవ్వలేదు. మల్లు దొరకు శిక్ష వేసి ఏళ్ళ తరబడి జైల్లో పెట్టారు. ప్రభుత్వ కాగితాల్లో ఆయన నేరస్థుడు. 1952లో విశాఖపట్నం ఓటర్లు ఆయన్నే తొలి లోక్‌సభకు పంపారు.

మీలో చింతపల్లి, కొయ్యూరు, గొలుగొండ వైపు నుంచి వచ్చినవారున్నారు. బాస్టియన్ వేయించిన ఆ రోడ్డుకు రాళ్ళు కొట్టినవాళ్ళ పేర్లు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుండవచ్చు. ఈ సెలవుల్లో వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. రాసిపెట్టండి. మీ కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.