విలంబము నెరిగిన నియంత్రణము

మన పద్మనాభ గ్రామమునకు దక్షిణముగా, విశాఖ ఉక్కు కర్మాగారమున, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను బ్లాస్ట్ ఫర్నేసులు కలవు. పైనుండి వేయు ఖనిజము, కోకుల పాళ్ళను మార్చినచో, ఆ మార్పు అడుగున కరగిన ఇనుమునందు కానవచ్చుటకు గంటలు పట్టును. ఇదియే విలంబము. ఫలము కానరాలేదని తొందరపడి మరల మార్చినచో కొలిమి అదుపు తప్పును.

కృత్రిమ నాడీజాలములందును విలంబము కలదు. సంకేతము చేరునప్పటికే పంపిన నాడీకణము స్థితి మారిపోవుటచే జాలము ఊగిసలాడవచ్చును, ఒక్కొక్కప్పుడు అస్తవ్యస్తము కావచ్చును. అట్లు అస్తవ్యస్తముగా చలించు రెండు వ్యవస్థలను సైతము ఏకగతిని నడుపవచ్చునని 1990లో పెకోరా, కారల్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. గుర్తుంచుకొనుడు: విలంబమును తొలగింపలేము, లెక్కలోనికి గొనవచ్చును. ఏకగతి సాధించుటకై, రెండు జాలముల నడుమ భేదమున్నంతకాలము వానిని కలుపు బలమును తనంతట పెంచుచు, భేదము సమసినంతనే పెంపు మానునది అనుకూల నియంత్రణము. ఆ బలమెంత కావలెనో ముందుగా నెవ్వరును చెప్పనక్కరలేకుండుట నాకు మిక్కిలి రమణీయముగ తోచును.