కొత్త హార్డ్ డిస్కు టక్కు టక్కుమంటోందా? ముందు కాపీ, తర్వాతే టెస్టులు

పిఠాపురం నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశాను. ఈ ఎపిసోడ్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకే కాదు, ఫోన్‌లో స్పేస్ అయిపోయి ఫోటోలన్నీ హార్డ్ డిస్కులో వేసుకునేవాళ్ళకి కూడా. చివరిదాకా చూడండి.

ముందు జరిగింది చెప్తాను. మా ఊళ్ళో నా ఫ్రెండ్ ఒకడికి ఫోటో స్టూడియో ఉంది. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజను. వరసగా మూడు పెళ్ళిళ్ళు తీశాడు. ఆన్‌లైన్‌లో కొత్త 2 టీబీ పోర్టబుల్ డిస్కు తెప్పించి అన్నీ అందులో వేసేశాడు. మర్నాడు ఇంకో ముహూర్తం ఉంది కదా అని, మెమరీ కార్డులన్నీ ఆ రాత్రే ఫార్మాట్ కొట్టేశాడు. అంటే ఏంటి? మూడు కుటుంబాల పెళ్ళిళ్ళు ఒకే ఒక్క డిస్కులో ఉన్నాయన్నమాట.

మూడో రోజు రాత్రి ఫోన్. "ఒరేయ్ బావా, కొత్త డిస్కు రా, మొన్ననే వచ్చింది. గోడ గడియారంలాగా టక్కు టక్కుమంటోంది. పీకి పెడుతున్నా, పీకి పెడుతున్నా, ఒకసారి కనపడుతోంది, ఒకసారి కనపడట్లేదు" అన్నాడు. "ముందు పీకడం పెట్టడం ఆపరా బాబూ, వస్తున్నా" అన్నాను.

వాడి దగ్గరికి వెళ్ళేలోపు మీకు లోపల ఏం జరుగుతుందో చెప్పేస్తాను. హార్డ్ డిస్కులో అద్దంలా మెరిసే పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి. పోర్టబుల్ డిస్కుల్లో మామూలుగా నిమిషానికి 5400 సార్లు, చాలా డెస్క్‌టాప్ డిస్కుల్లో 7200 సార్లు. వాటిమీద హెడ్ అనే చిన్న ముక్క ఆనకుండా తేలుతూ చదువుతుంది. ఆ ఖాళీ ఎంతంటే, మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు ఉంటుంది. ఇలాంటి మిషన్ అసలు చప్పుడు చేయకుండా ఉండదు. అందుకే ఏ చప్పుడు మామూలుదో, ఏది ప్రమాదమో తెలియాలి.

ఇప్పుడు మామూలు చప్పుళ్ళు వినండి. (వీడియోలో శబ్దం వినిపిస్తుంది.) ఆన్ చేయగానే జుయ్‌మని లేస్తుంది, అది మోటారు. ఫైల్ కాపీ అవుతుంటే గరగరమంటుంది, అది హెడ్ అటూ ఇటూ కదలడం. ఆఫ్ చేసినప్పుడు ఒక్క 'టక్', అది హెడ్ పక్కకి వెళ్ళి పడుకోవడం. పెద్ద కెపాసిటీ డిస్కులు కొన్నింటిలో ఏ పనీ లేకపోయినా ఐదు సెకన్లకోసారి చిన్న చప్పుడు వస్తుంది. అరుగుదల ఒకేచోట పడకుండా హెడ్ తనంతట తానే కదులుతుంది, అది డిజైనే. ఇంక కేబినెట్ అంతా గుయ్‌మంటే? చాలాసార్లు డిస్కు తప్పు కాదండి. స్క్రూలు వదులైనా, పల్చటి రేకు అదిరినా అలా వస్తుంది. కంప్యూటర్ ఆఫ్ చేసి నాలుగు స్క్రూలూ బిగించండి, కేబినెట్ కింద రబ్బరు ముక్కలు పెట్టండి.

ఇప్పుడు భయపడాల్సినవి. టక్... టక్... టక్... ఒకే లయలో కొట్టి, ఆగిపోయి, మళ్ళీ మొదలవడం. హెడ్ తన దారి వెతుక్కుంటోంది, దొరకట్లేదు, వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్తోంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'క్లిక్ ఆఫ్ డెత్' అంటారు. రెండోది, గీకుతున్న చప్పుడు. అది వినగానే కరెంటు తీసేయండి. ఇంకో ఆలోచన వద్దు. పళ్ళెం గీరుకుపోతుంటే నడిపే ప్రతి నిమిషమూ నష్టమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోన్‌కి ఓటీజీతో డిస్కు పెట్టేవాళ్ళు జాగ్రత్తగా వినండి. పోర్టబుల్ డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక ఆంపియర్ దాకా కరెంటు లాగొచ్చు. పాత యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. చాలా ఫోన్లు అంత కూడా ఇవ్వలేవు. కరెంటు చాలక పోయినా డిస్కు ఇలాగే టక్కు టక్కుమంటుంది, లేదా సన్నగా బీప్‌మంటుంది. కాబట్టి గీకుడు చప్పుడు లేకపోతే, ఒక్కసారి మాత్రం కంప్యూటర్ వెనక పోర్టుకి, పొట్టి కేబుల్‌తో, మధ్యలో హబ్ లేకుండా పెట్టి చూడండి. చప్పుడు ఆగిపోతే బతికిపోయినట్టే. ఆగకపోతే డిస్కే పాడైందనుకోండి.

మావాడి డిస్కు ఆగలేదండి. అయినా కనపడింది. వాడు వెంటనే చెక్‌డిస్క్ రన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. పోయేలా ఉన్న డిస్కుని రిపేరు పేరుతో మొత్తం తిప్పిస్తే, ఉన్న ఊపిరి కాస్తా ఆ పనికే అయిపోతుంది. ముందు కాపీ. అందులోనూ ముఖ్యమైనవి ముందు: జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. రెండు పెళ్ళిళ్ళు బయటికొచ్చాయి. మూడోది సగంలో ఉండగా డిస్కు మాయమైపోయింది. మళ్ళీ కనపడలేదు.

"ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందంట కదరా" అన్నాడు. యూట్యూబ్‌లో చూశాడట. దయచేసి ఎవరూ చేయకండి. మన ఉప్పాడ గాలికి బయటికి తీసిన నీళ్ళ సీసాకే చెమట పడుతుంది. డిస్కుకీ అంతే.

మరి మూడో పెళ్ళి? మెమరీ కార్డులు గుర్తున్నాయా? కెమెరాలో ఫార్మాట్ కొడితే మామూలుగా పోయేది విషయసూచిక మాత్రమే, పైన కొత్తవి రాసేదాకా పాతవి లోపలే ఉంటాయి. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు కార్డుల్లో ఫోటోలు తిరిగొచ్చాయి. నాలుగో కార్డు మీద అప్పటికే ఇంకో పెళ్ళి తీసేశాడు. తలంబ్రాల వీడియో అందులో ఉంది. అది పోయింది.

వాడు పెళ్ళికూతురి నాన్నగారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత చుట్టాల నంబర్లు ఇచ్చి, "అడిగి చూడు బాబూ" అన్నారట. వాళ్ళ ఫోన్లలో తీసినవి తెప్పించి ఒక వీడియో కట్టాడు. మీకెప్పుడైనా అవసరం పడితే, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, క్వాలిటీ తగ్గదు.

డిస్కుకి రీప్లేస్‌మెంట్ వచ్చింది, కొత్తది పంపారు. కానీ ఫ్రెండ్స్, వారంటీ డిస్కుకే, అందులో ఉన్న ఫోటోలకి కాదు. నిజంగా ముఖ్యమైన డేటా ఉంటే, డిస్కు వెనక్కి పంపేముందే డేటా రికవరీ ల్యాబ్‌ని అడగండి. రిపేరు షాపులో మూత మాత్రం విప్పనివ్వకండి, దుమ్ము పడితే అంతే.

ఇంక కొత్త డిస్కు కొన్నాక చేయాల్సింది. ఖాళీగా ఉన్నప్పుడే క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ పెట్టండి. 2 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, కరెంటు పోని టైమ్ చూసుకోండి. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఓపెన్ చేసి 05, సీ5, సీ6 అనే మూడు లైన్లు చూడండి. రా వాల్యూ మూడింటిలోనూ సున్నా ఉండాలి. పైన 'గుడ్' అని ఉన్నా సరే, కొత్త డిస్కులో అక్కడ అంకె ఉంటే రిటర్న్ గడువు దాటకముందే మార్చేయండి. చప్పుడు ఉంటే ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, కస్టమర్ కేర్‌కి పనికొస్తుంది.

ఇప్పుడు మావాడు రెండు చోట్ల కాపీ పడ్డాకే కార్డు ఫార్మాట్ చేస్తున్నాడు. మీ ఫోన్‌లో ఫోటోలు డిలీట్ చేసేముందు మీరూ అంతే చేయండి. మీ డిస్కు చప్పుడు ఎలా ఉందో కామెంట్‌లో రాయండి, చెప్తాను. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.