వేట విరామానికీ భృతి ఉండాలి



గోదావరిలో మనం పులస అనే చేపే బంగ్లాదేశ్ నదులలో ఇలిష్. అక్కడ 25 సెంటీమీటర్లకన్న చిన్న ఇలిష్‌ను నవంబరు నుండి జూన్ వరకు పట్టరాదు. ఈ నియమం న్యాయమైనదే. పిల్ల చేప నేడు వలలో పడితే రేపు గుడ్లు పెట్టే తల్లి చేప ఉండదు. కాని అంతవరకు జాలరి ఇంట పొయ్యి వెలగవద్దా? నమోదైన కుటుంబాలకు నెలకు 40 కిలోల బియ్యం ఏర్పాటు చేశారు. నిషేధం ఎనిమిది నెలలు, బియ్యం నాలుగు నెలలకే!

మన 1897 నాటి మత్స్య చట్టం నీటిలో డైనమైటును, విషాన్ని నిషేధించింది; వలల కొలతలను ప్రభుత్వాల నియమాలకు విడిచింది. జాలరి భృతి మాట అందులో లేదు.

వేతనంతో కూడిన సెలవు మనకు హక్కు. ఏటి జాలరికీ అదే న్యాయం వర్తించాలని మనం కోరాలి. చేపకు విరామం, జాలరికి భృతి ఒకే శాసనంలో ఉండాలి.