వాద్యకారుని గొంతు, పనివాని చేయి
(ప్రసంగ పాఠం)



ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే భద్రకాళి గ్రామానికి చేరువలో భోపాల్‌పట్నం ఉన్నది. ఒకప్పుడు బస్తరు సంస్థానంలో జమీందారీగా ఉండిన ఈ ఊరు స్వాతంత్ర్యానంతరం మధ్యప్రదేశ్‌లో చేరి, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో భాగమైనది. 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాకు ఇప్పుడు చెందినది. ఇంద్రావతికి ఆవలి ఒడ్డు మహారాష్ట్ర; గోదావరికి ఆవలి ఒడ్డు తెలంగాణ. తెలుగు, గోండి, దోర్లి, హల్బీ, హిందీ భాషలు ఈ సీమలో పక్కపక్కనే వినవస్తాయి.

భాషలవలెనే వాద్యాలును. ఈ నేలకు ఒక ప్రక్క బస్తరు మోహరి, మరొక ప్రక్క తెలుగువారి సన్నాయి. తెలుగునాట పెండ్లి ఊరేగింపులలో వీటికి తోడుగా బ్యాండు మేళపు క్లారినెట్ కూడ స్థిరపడినది. మూడింటిలోను ఊపిరి నాదంగా మారే చోటు ఒక్కటే. అది వాద్యకారుని పెదవుల నడుమ ఇమిడే చిన్న తునక. సన్నాయికి అది జంట పొరల పీక, అరిగినకొద్దీ మార్చుకుంటారు. క్లారినెట్‌కు రీడు ఒకటే. అది మౌత్‌పీసు మీద పట్టీతో బిగింపబడుతుంది. రీడు కొద్ది వారాలకే పాతబడును గాని, మౌత్‌పీసు దశాబ్దాలు నిలుస్తుంది. అందుచేతనే వాద్యకారునికి దానిపై మమకారం ఏర్పడుతుంది. ఆ ప్రియమైన మౌత్‌పీసు చెడనారంభించినప్పుడు, మంచి పనివానిచేత దానికి నకలు చేయించుకొనుట ఎట్లు అనునదే నేటి ప్రసంగ విషయం.

క్లారినెట్ జన్మస్థలం జర్మనీలోని నూరెంబర్గ్. అక్కడి వాద్య నిర్మాత యోహాన్ క్రిస్టొఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో దీనిని రూపొందించినట్లు చెప్పుదురు. తొలినాటి మౌత్‌పీసులు కొయ్యవి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో, రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరచిన ఎబొనైట్ వాడుకలోనికి వచ్చినది. రీడు రెల్లువంటి గడ్డి కాడనుండి చెక్కబడుతుంది. ఆ కాడ ఫ్రాన్సు దక్షిణ తీరాన పెరిగినదైతే శ్రేష్ఠమని ప్రసిద్ధి. ఈ విదేశీ వాద్యం పందొమ్మిదవ శతాబ్దిలో తంజావూరు నాట్యమేళాలలో ప్రవేశించి, క్రమంగా కచేరీ వేదిక నెక్కినది. 2008లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఎ.కె.సి. నటరాజన్ దానిని కర్ణాటక సంగీతానికి పూర్తిగా లోబరచుకొన్న విద్వాంసుడు.

గమకాలు పలికించుటకు వేళ్లతోబాటు పెదవి కూడ పనిచేయవలెను. పెదవి బిగింపును సడలించినప్పుడు స్వరం జారుతుంది. బిగించినప్పుడు పైకి పోతుంది. ఆ జారుట ఎంత సులువుగా జరుగునో నిర్ణయించేది మౌత్‌పీసు. రీడు ఆనే బల్లపరుపు భాగం ఒక చోట నుండి మెల్లగా వంపు తిరిగి, కొనకు చేరేసరికి రీడుకును మౌత్‌పీసుకును నడుమ సుమారు ఒక మిల్లీమీటరు సందు ఏర్పడుతుంది. ఆ సందు, వంపు పొడవు, లోపలి గది ఆకారం – ఈ మూడును కలిసి నాదగుణాన్ని నిర్ణయిస్తాయి. మిల్లీమీటరులో నూరింట కొద్ది వంతుల తేడాను కూడ అనుభవజ్ఞుని పెదవి గుర్తుపట్టగలదు.

పనివాడు ఈ వంపును కొలిచే పద్ధతి సరళమైనది. గీతలు గీసిన గాజు పలకను మౌత్‌పీసు మీద ఆనించి, వేరువేరు మందాలు గల ఉక్కు రేకులను ఆ సందులోనికి జారవిడుచును. ఏ రేకు ఏ గీతవద్ద ఆగినదో ఇరుప్రక్కలా వ్రాసికొనును. ఆ అంకెల పట్టికయే వంపుకు చిత్రపటం. తరువాత క్రొత్త ముక్కను గాజు మీద పరచిన సన్నని ఉప్పుకాగితంపై మెల్లమెల్లగా రుద్దుచు, మరల మరల కొలుచుచు, అంకెలు సరిపోవువరకు తీర్చును. రీడు బిగించి, క్రింది రంధ్రాన్ని అరచేతితో మూసి గాలిని పీల్చినచో, రీడు క్షణకాలం అంటుకొని యుండి టప్పుమని విడువవలెను. గాలి ఎక్కడను కారుటలేదనుటకు అది సాక్ష్యం.

ఇంతవరకు అంకెల పని. అసలు చిక్కు ఇక్కడినుండి ప్రారంభమగును. పాత మౌత్‌పీసును కొలిచినప్పుడు ఎడమ అంచు ఒక విధంగా, కుడి అంచు మరొక విధంగా ఉండవచ్చును. ఏండ్ల తరబడి దంతాల ఒత్తిడి, తుడిచిన గుడ్డ రాపిడి, ఎండ వేడిమి దానిని మార్చి యుండును. ఎబొనైట్ వేడినీటికి వంకర పోవును; ఎండలో రంగు మారును. మరి పనివాడు దేనికి నకలు తీయవలెను? అంగడినుండి వచ్చిననాటి రూపానికా, అరిగి నేటికి మిగిలిన రూపానికా? వంకరను సరిదిద్దుట పనివాని ధర్మమని అతనికి తోచవచ్చును. కాని వాద్యకారుడు మెచ్చిన తీయదనం ఆ వంకరలోనే ఉన్నదేమో! దానిని కనుగొనుటకు ఉక్కురేకు చాలదు. వాద్యకారుడు ఊదవలెను, పనివాడు వినవలెను, ఇద్దరును మాటలాడుకొనవలెను.

బస్తరు ప్రజలకు ఈ సత్యం క్రొత్తది కాదు. కొండగాఁవ్ వంటి చోట్ల గఢ్వా శిల్పులు మట్టి దిమ్మెపై మైనపు తీగలు చుట్టి, పైన మరల మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు. పోత పూర్తి కాగానే అచ్చును పగులగొట్టవలసినదే. అందువలన ఏ రెండు బొమ్మలును ముమ్మూర్తులా ఒకటి కావు. అయినను ఆ రూపం తరతరాలుగా నిలిచి యున్నది. నిలిపినది అచ్చు కాదు, శిల్పి చేయి.

వాద్యకారుడును పనివాడును కలిసి పనిచేసినప్పుడు ఏమి సాధ్యమో నాదస్వర చరిత్ర చెప్పుచున్నది. విఖ్యాత విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లె (1898–1956) కోరిన శుద్ధ మధ్యమం సరిగా పలుకునట్లు, నరసింగంపేట పనివాడు రంగనాథ ఆచారి నాదస్వరాన్ని తీర్చిదిద్దెను. ఆ నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నకలు నుండి సొంత గొంతు పుట్టగలదనుటకు మన షేక్ చిన్న మౌలానా (1924–1999) నిదర్శనం. ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన ఆయన, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరులవద్ద తంజావూరు బాణీ నభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయినారు. గురువుల బాణీని నిష్ఠతో అనుసరించిన ఆ తెలుగు ముస్లిము విద్వాంసుని నాదాన్ని విన్నవారు అది ఆయనదేనని గుర్తుపట్టెదరు.

మౌత్‌పీసు విషయంలో ఆచరణీయమైన మాట ఒక్కటి. నకలు చేయించవలసినది పాతది పగిలిన తరువాత కాదు. అది ఇంకను బాగా పలుకుచున్నప్పుడే. పగిలినదానిని కొలువవచ్చును గాని వినలేము. బ్యాండు మేళంలో బ్రతుకు వెళ్లదీయు వాద్యకారునికి నాదమే జీవనాధారం. పెండ్లిండ్ల మాసంలో మౌత్‌పీసు పగిలినచో అతని గొంతే పోయినట్లు. కనుక అతడు తన ముక్క కొలతలను ఒక కాగితంపై వ్రాయించి దాచుకొనవలెను. నకలు తయారైన పిమ్మట పాతదానితోబాటు మార్చి మార్చి ఊదుచు కొన్నాళ్లు అలవాటు చేసికొనవలెను. క్రొత్త ముక్క మొదటి దినముననే పాతదానివలె పలుకదు. పెదవి దానిని నేర్చుకొనవలెను.

పనివానికి మాత్రం తగిన కూలియు, తగిన గౌరవమును దక్కవలెను. కచేరీ ముగిసిన తరువాత చప్పట్లు వాద్యకారునికి చెందును. ఆ నాదాన్ని మిల్లీమీటరులో నూరవ వంతువరకు కాపాడిన చేతి యజమాని పేరు సభలో ఎవరికిని తెలియదు. పాఠశాలలలోను కళాశాలలలోను సంగీతం నేర్చుకొను యువతీయువకులు తమ సమీపంలోని వాద్య నిర్మాతల యిండ్లకు ఒకసారియైనను వెళ్లి, ఆ పనిని కన్నులారా చూచినచో, వాద్యమునకు ప్రాణమెక్కడ నుండునో వారికి బోధపడగలదు.