మూడో మనిషి కబురు



2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పత్తి తడిసింది, మిరప ఒరిగింది. అలాంటి రాత్రి సెల్ సిగ్నల్ పోతే యానాది గూడెం కబురు ఎట్లా బయటికి పోవాలి? హామ్ రేడియో ఉంది కదా అంటారు. ఉంది. దానికీ నియమాలున్నాయి.

లైసెన్సున్న ఇద్దరు మాట్లాడుకోవచ్చు, అవతలి మనిషి జపాన్‌లో ఉన్నా సరే. మీ కబురు వాళ్లు మోస్తే మాత్రం మీరు ‘మూడో మనిషి’. కూలి డబ్బుల సంగతి, మీటింగు సంగతి మామూలు రోజున మోయకూడదు. మూడో మనిషి కబురు దేశం దాటాలంటే ఆపదలోనే అని అంతర్జాతీయ రేడియో నిబంధనలూ చెబుతాయి. 2004 సునామీకి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం అట్లాగే జనం క్షేమ సమాచారం బయటికి పంపింది.

మన దేశపు 1978 నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. ఫోన్లు పనిచేయని విపత్తులో కూడా ఆ కబురు కలెక్టరు లాంటి అధికారి నుంచి రావాలి, అలాంటి అధికారికే చేరాలి. అంటే గూడెంలోకి నీళ్లొచ్చాయన్న మాట ముందు ఆఫీసు కాగితం ఎక్కాలి. ఆ కాగితం దాకా మన మాట ఎన్నిసార్లు పోయిందో మీకే తెలుసు. నా కోపమంతా ఇక్కడే.

12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. అప్పుడు తన కళ్లతో చూసింది తన నోటితోనే చెప్పొచ్చు, మూడో మనిషి కాదు. గూడేనికి ఒకరన్నా రాయండి. ఈలోగా తుపాన్ల కాలానికి ముందే కలెక్టరాఫీసులో గూడెం పేరు, ఇళ్ల లెక్క రాసిచ్చి రండి. రసీదు అడగడం మరిచిపోకండి.