ఒక శిల అవస్థాంతరాలు: తూర్పు కనుమల ఖోండలైటు

శిలలను అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు తరగతులుగా విభజించడం పాఠశాల చదువు నుండి అందరికీ పరిచితమే. భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి గట్టిపడగా ఏర్పడేవి అగ్నిశిలలు. గాలి, నీరు మోసుకొచ్చిన ఇసుక, మట్టి, నీటిలో కరిగిన లవణాలు అడుగున పేరుకుని బిగుసుకోగా ఏర్పడేవి అవక్షేప శిలలు. ఈ రెంటిలో ఏదైనా తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై, పూర్తిగా కరగకుండానే తనలోని ఖనిజాలను మార్చుకుంటే అది రూపాంతర శిల అవుతుంది. ఈ విభజన సక్రమమైనదే. అయితే జీవశాస్త్రంలోని జాతుల విభజన వంటిదిగా దీనిని భావించిన విద్యార్థికి అసలు విషయం అందదు; ఎందుకంటే ఈ మూడు పేర్లూ ఆ పదార్థం చివరిసారిగా ఏ పరిస్థితిలో గట్టిపడిందో చెబుతాయే గాని, అంతకు ముందు అది ఏమై ఉండేదో, ఇకముందు ఏమవుతుందో చెప్పవు. పర్వతాలు అరిగి సముద్రం అడుగున పొరలుగా చేరడం, ఆ పొరలు భూమి లోపలి వేడి వల్ల బిగుసుకుని మళ్లీ నేలగా పైకి లేవడం అనే ఎడతెగని క్రమాన్ని స్కాట్లండుకు చెందిన జేమ్స్ హట్టన్ 1788లో ప్రచురితమైన తన భూసిద్ధాంతంలో ప్రతిపాదించాడు. ఆ క్రమానికి ఉదాహరణ కోసం తెలుగువారు స్కాట్లండు దాకా పోనక్కరలేదు. విశాఖపట్నం నుండి అరకు దాకా పరచుకున్న కొండలలోని ఖోండలైటు అనే శిల చరిత్ర ఒక్కటి చాలు.

ఈ శిలకు ఆ పేరు పెట్టినవాడు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేసిన టి. ఎల్. వాకర్. కలహండి ప్రాంతపు శిలలను వర్ణిస్తూ 1902లో వెలువరించిన గ్రంథంలో, ఆ కొండలలో నివసించే ఖోండు తెగ పేరు మీదుగా ఆయన దీనిని పిలిచాడు. ముదురు ఎరుపు గార్నెట్ గింజలు, సన్నని సూదుల వంటి సిల్లిమనైట్ స్ఫటికాలు, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడ మెరిసే నల్లని గ్రాఫైట్ రేకులు ఇందులో కనిపిస్తాయి. రసాయనికంగా పరిశీలిస్తే ఇందులో అల్యూమినియం పాలు చాలా ఎక్కువ. శిలాద్రవం నేరుగా చల్లారి ఏర్పడిన సాధారణ శిలలలో అల్యూమినియం ఇంతగా పోగుపడదు. అంత మోతాదులో అది ఉండేది బంకమట్టిలో. కాబట్టి ఖోండలైటు ఒకప్పుడు నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక అని నిర్ణయించారు. ఆ మట్టి కూడా అంతకన్నా పాత శిలలు అరిగిపోగా వచ్చినదే కనుక, ఈ కథకు ఆరంభం ఎక్కడ అని అడగడంలో అర్థం లేదు.

ఆ మట్టి పొరలు ఖండాల తాకిడిలో చిక్కుకుని లోతుకు కూరుకుపోయాయి. భూమి పై పొరలలో ప్రతి కిలోమీటరు లోతుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పెరుగుతుంది. ఆ పెరుగుదలకు అనుగుణంగా బంకమట్టి మొదట పలకరాయిగా మారి, ఆపైన అభ్రకం నిండిన శిలగా రూపొంది, ఇంకా వేడెక్కిన మీదట గార్నెట్‌ను పుట్టించింది. ఇక్కడ సిల్లిమనైట్ సాక్ష్యం విలువైనది. ఒకే రసాయన సమ్మేళనం తక్కువ ఒత్తిడిలో ఆండలుసైట్‌గా, ఎక్కువ ఒత్తిడిలో కయనైట్‌గా, అధికమైన వేడిలో సిల్లిమనైట్‌గా స్ఫటికీకరిస్తుంది. అందువల్ల ఈ మూడింటిలో ఏది కనిపిస్తున్నదో చూసి ఆ శిల అనుభవించిన పరిస్థితిని శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు. పాడేరు పరిసరాలలో దొరికే సాఫిరైన్ అనే అరుదైన ఖనిజం క్వార్ట్జ్‌ను ఆనుకుని ఉండడాన్ని బట్టి అక్కడి శిలలు 900 డిగ్రీలకు మించిన వేడిని చవిచూశాయని తేలింది. 25, 30 కిలోమీటర్ల లోతులో సాధారణంగా అంత వేడి ఉండదు. ఆ అదనపు వేడికి కారణమేమిటన్న దానిపై పండితులలో నేటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. ఈ తీవ్రమైన మార్పు సుమారు 100 నుండి 90 కోట్ల సంవత్సరాల క్రితం, ఇప్పటి అంటార్కిటికాలోని ఒక భాగం భారతదేశపు తూర్పు తీరాన్ని అంటిపెట్టుకుని ఉన్న కాలంలో జరిగింది. ఆ మంచు ఖండంలో నేడు ఇదే వయస్సు గల ఇటువంటి శిలలు కనిపించడానికి కారణం అదే.

మూడు తరగతుల విభజన తన బలహీనతను బయటపెట్టుకునేది సరిగ్గా ఈ ఘట్టంలోనే. అంతటి వేడిలో అభ్రకం విడిపోయి, శిలలో కొంత భాగం కరిగింది; ఆ కరిగినది పాయలుగా కదిలి, ఒకచోట చేరి, చల్లారి గార్నెట్‌తో కూడిన గ్రానైటు వంటి శిల అయింది. తూర్పు కనుమలలో ఒకే రాతి ముఖం మీద కరగని చారలు, కరిగి గట్టిపడిన చారలు పక్కపక్కన పెనవేసుకుని ఉంటాయి. ఇటువంటి మిశ్రమ శిలను మిగ్మటైట్ అంటారు. పుట్టుకను బట్టి అవక్షేపం, మార్పును బట్టి రూపాంతరం, కరిగినంత మేరకు అగ్నిశిల అయిన ఈ రాతిని ఏ ఒక్క గడిలో పెట్టినా మిగిలిన రెండు గడులకు అన్యాయమే జరుగుతుంది.

వేడి తగ్గి పైకి వచ్చేటప్పుడు ఖోండలైటు తిరిగి మట్టిగా ఎందుకు మారలేదన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. ఖనిజాలు వెనుకకు మళ్లాలంటే నీరు కావాలి. మట్టిలో ఉన్న నీరంతా ఆ కరిగిన భాగంతో కలిసి వెళ్లిపోయింది. బట్టీలో కాలిన ఇటుక ఆపైన చల్లారినా పచ్చి మట్టి కానట్లే, నీటిని పోగొట్టుకున్న ఈ శిల తన వేడినాటి ఖనిజాలను నిలుపుకుంది. మీదనున్న కిలోమీటర్ల మందం గల శిలాభాగం కోట్ల సంవత్సరాలుగా అరిగిపోతూ, బరువు తగ్గిన మేరకు అడుగుభాగం పైకి లేస్తూ రాగా, ఒకనాటి లోతులు నేటి కొండలయ్యాయి.

పైకి వచ్చిన శిలకు నీరు మళ్లీ దొరికింది. వర్షపు నీరు ఫెల్డ్‌స్పార్‌ను తెల్లని బంకమట్టిగా మార్చింది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. ఎత్తైన కొండల తలల మీద సిలికా సైతం కొట్టుకుపోగా మిగిలిన అల్యూమినియం బాక్సైట్‌గా పేరుకుంది. అనంతగిరి, గాలికొండ, జెర్రెల ప్రాంతాల బాక్సైట్ నిల్వలు అలా ఏర్పడినవే. సులభంగా చెక్కడానికి అనువుగా ఉండే ఈ రాతితో 13వ శతాబ్దంలో కట్టిన కోణార్క సూర్యాలయం ఉప్పుగాలికి అరిగిపోవడంలోనూ పనిచేసినది ఇదే శైథిల్యం. బంకమట్టితో పాటు ఆనాడు పేరుకున్న సున్నపు పొరలు వేడికి పాలరాయి వంటి శిలలుగా మారి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఇముడ్చుకున్న నీటికి కరిగి బొర్రా గుహలయ్యాయి. అక్కడ చుక్కచుక్కగా వేలాడుతూ పెరిగిన సున్నపు స్తంభాలు మళ్లీ అవక్షేపాలే.

కొండల నుండి విడివడిన గింజలు వాగుల వెంట సముద్రానికి చేరాయి. భీమునిపట్నం తీరంలో అలలు ఇసుకను వేరుచేసిన చోట్ల గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్ గింజలు చారలుగా కనిపిస్తాయి. భూగర్భపు లోతుల్లో పుట్టిన ఖనిజాలు పొరలుగా పరచుకుని మరొక ఇసుకరాయికి ముడిసరుకు అవుతున్నాయి. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు ఈ క్రమంలో సగం దూరం నడిచినవి. మంచుయుగంలో సముద్రమట్టం నేటికన్నా 100 మీటర్లకు పైగా దిగువన ఉన్నప్పుడు బయటపడిన ఇసుకను గాలి, వాగులు పోగుచేయగా, గింజల చుట్టూ పట్టిన ఇనుపతుప్పు, బంకమట్టి వాటిని ఎర్రగా మార్చి, ఒకదానికొకటి అతికించడం మొదలుపెట్టాయి. ఇవి మట్టి అనడానికి కొంత గట్టివి, రాయి అనడానికి ఇంకా మెత్తనివి. ఒక శిల అవస్థ మారుతుండగా చూడగలిగే చోట్లు అరుదు. గట్టిపడని ఈ దిబ్బలకు వాన కన్నా పార, యంత్రం ఎక్కువ ప్రమాదకరం. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ ప్రకటన కాగితానికే పరిమితం కాకుండా, దిబ్బల హద్దులను నేల మీద స్పష్టంగా గుర్తించి, మట్టి తవ్వకాన్ని, చదును పనులను పూర్తిగా నిలిపివేయాలని ప్రభుత్వాన్ని, విశాఖ పౌరులను, విశ్వవిద్యాలయాలను కోరవలసి ఉన్నది.