పదో తరగతి తర్వాత పొలం చదువు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో డాక్టరు, ఇంజనీరు సీటు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పుతాం. చాలా సంతోషం. కాని పదో తరగతి గట్టెక్కి, ఆ పైన దారి తోచక ఇంట్లో కూర్చున్న పిల్లవాడి గురించి కూడా మనం ఆలోచించాలి. ఉర్దూ మీడియం బడి నుంచి అలాంటివాళ్ళు చాలామంది బయటికి వస్తున్నారు. ఒకడు మెకానిక్ షెడ్డుకు పోతాడు. ఒకడు మండీలో మూటలు లెక్కపెడతాడు. ఇంకొకడు వయసు రాగానే కువైట్‌కు పోదామని రోజులు లెక్కపెడతాడు. ఏ పనీ తక్కువది కాదు. అయితే వీళ్ళకు అందే దూరంలో ఉన్న ఒక చదువును మనవాళ్ళు చూడడం లేదు. అది వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా.

పదో తరగతి పాసైతే చాలు, ఇంటర్ అక్కర్లేదు. వ్యవసాయం, విత్తన సాంకేతికం, సేంద్రియ సేద్యం ఇవి రెండేళ్ళ కోర్సులు. వ్యవసాయ ఇంజనీరింగు మూడేళ్ళు. మన రాష్ట్రంలో ఆచార్య రంగా విశ్వవిద్యాలయం, తెలంగాణలో జయశంకర్ విశ్వవిద్యాలయం వీటిని నడుపుతున్నాయి. తోటల చదువుకు, పశువుల చదువుకు వేరే పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. డిప్లొమా అయినవాళ్ళు అగ్రిసెట్ అనే పరీక్ష రాసి, తమకు కేటాయించిన సీట్లలో బీఎస్సీ అగ్రికల్చర్‌కు పోవచ్చు. అంటే ఇది సందు చివర గోడ కాదు, ముందుకు పోయే బాటే.

ఈ మాట చెప్తే ఒక తండ్రి అన్నాడు: "మాష్టర్ సాబ్, సేద్యం చెయ్యడానికి కాలేజీ ఎందుకు? మా అబ్బా ఏ కాలేజీలో చదివినాడు?" ఆయన అడిగింది న్యాయమే. దానికి శెనక్కాయ పంటతోనే జవాబు చెప్తాను. పూత తర్వాత ఊడలు భూమిలోకి దిగుతాయి. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి చాలినంత రాదు. కాయ చుట్టూ ఉన్న మట్టి నుంచే అది నేరుగా పీల్చుకోవాలి. అందుకే పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేయమంటారు. అది లోపించిన నేలలో చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయల్లో గింజ ఉండదు. అనుభవం ఉన్న రైతుకు తాలు కాయ కనబడుతుంది. ఎందుకు తాలయిందో చదువు చెప్తుంది.

మట్టి పరీక్ష కూడా అంతే. పొలంలో ఒక్కచోట గుప్పెడు మన్ను తీస్తే అది పరీక్ష కాదు. అడ్డదిడ్డంగా పది పదిహేను చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున, 'వి' ఆకారంలో తవ్వి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అర కిలో మిగల్చాలి. నీడలో ఆరబెట్టాలి. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు కుప్ప వేసిన చోట తీయకూడదు. ఈ పని తెలిసిన పిల్లవాడు ఊరికొకడుంటే, అప్పు చేసి అక్కర్లేని ఎరువు కొనే ఖర్చు కౌలుదారుకు తప్పుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. డిప్లొమా చేతికొస్తే సర్కారు నౌకరీ ఖాయమని నేను చెప్పను. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు వ్యవసాయ సహాయకుల పోస్టులకు డిప్లొమావాళ్ళను కూడా తీసుకున్నారు. అట్లాంటి అవకాశం ఏటా రాదు. విత్తన కంపెనీలు, నర్సరీలు, డ్రిప్పు పనులు ఉన్నాయి. పురుగుమందుల అంగడి లైసెన్సుకు తగిన చదువు ఉండాలని 2015లో నిబంధన తెచ్చారు. ఇప్పటికే అంగడి నడిపే మన సోదరులకు డేసి అనే డిప్లొమా ఉంది. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టింది. వారానికొక రోజు చొప్పున 48 వారాలు, అందులో 40 తరగతులు, 8 సార్లు పొలం. అంగడి మూయనక్కర్లేదు.

మరి మన పిల్లలు ఎందుకు పోవడం లేదు? నాకు తెలిసి పెద్ద అడ్డం భాష. ఉర్దూలో పదేళ్ళు చదివినవాడికి తరగతిలో ఇంగ్లీషు పదాలు, పొలంలో తెలుగు మాటలు ఒక్కసారి మీద పడతాయి. వాడు తెలివి తక్కువై కాదు, మాట అందక వెనకబడతాడు. నిజానికి సేద్యం మాటల్లో సగం వాడి ఇంటివే. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్తు, రబీ అంటే వసంతం. రెవెన్యూ లెక్కల్లో ఫసలీ అన్నది మన ఫసల్ నుంచి వచ్చిందే. పన్నెండో శతాబ్దంలో సెవిల్లెలో ఇబ్నుల్ అవ్వామ్ నేలలు, ఎరువులు, అంట్లు కట్టడం, పశువుల గురించి కితాబుల్ ఫిలాహా అనే పెద్ద గ్రంథం రాశారు. మొక్క నాటితే, దాన్ని పక్షి తిన్నా పశువు తిన్నా నాటినవాడికి సదఖా పుణ్యమని మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం బోధించారు. ఈ చదువు మనకు పరాయిది ఎట్లా అవుతుంది?

అందుకని సొసైటీకి మూడు మనవులు. ఒకటి, పదో తరగతి పరీక్షలు అయిన వెంటనే సెలవుల్లో నలభై రోజులు తరగతి పెట్టండి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలు పక్కపక్కన పెట్టి నేర్పిద్దాం. పాఠం చెప్పడానికి నేను సిద్ధం. రెండు, కాగితాలు. 2007 చట్టం ప్రకారం అర్హులైన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం, దూదేకుల సోదరులకు బీసీ-బీ ఉన్నాయి. సర్టిఫికెట్లు సీటు వచ్చాక పరుగెత్తి తెచ్చుకునేవి కావు, ముందే తీసిపెట్టాలి. ప్రవేశ పరీక్ష, పల్లెలో చదివి ఉండాలన్న నియమం, హాస్టలు సంగతి ఏ ఏడుకా ఏడు నోటిఫికేషన్‌లో చూసి ఎవరైనా ఒకరు పిల్లలకు చెప్పాలి. మూడు, మొదటి ఏడు ఇద్దరు పిల్లల ఫీజు సొసైటీ భరించాలి. జకాత్ సొమ్ము వాడవచ్చునా అన్నది ఉలమాను అడిగి తేల్చుకుందాం. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయితే మరీ సంతోషం. విత్తన పరీక్షకు, నర్సరీకి ఓపిక గల చెయ్యి కావాలి. అది మన ఇళ్ళలో కొరత లేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. నేను మట్టిలో కష్టపడ్డాను, నా బిడ్డ పడకూడదు అంటారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కాని మీరు పడిన కష్టంలో సగం తెలియక పడిందే. ఆ సగం బిడ్డ నెత్తి మీద నుంచి దించడానికే ఈ చదువు.